‘బీరే కదా!’ అన్న మాట వెల ఎంత?

‘మద్యం అలవాటు ఉందా?’ అని వైద్యుడు అడిగిన ప్రశ్నకు మన ప్రాంతంలో తరచుగా వచ్చే సమాధానం ఒకటుంది. ‘మందు ముట్టను సార్. బీరు మాత్రమే’. జనగామ ఉపాధ్యాయుడైనా, మహబూబాబాద్ మిర్చి రైతైనా, భూపాలపల్లి గని కార్మికుడైనా ఈ సమాధానాన్ని అబద్ధమాడుతూ చెప్పడు. మనస్ఫూర్తిగా నమ్మి చెబుతాడు. బీరు మద్యం కాదన్న ఆ నమ్మకం మీదనే నా అభ్యంతరమంతా. కాలేయం చెడిన తరువాత, ఫిట్స్ వచ్చిన తరువాత, మోటారు సైకిలు చెట్టుకు గుద్దుకున్న తరువాత కూడా ఈ నమ్మకం చెక్కుచెదరకపోవడం చూసి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ నమ్మకానికి ఇటీవల చదువుకున్న యువకుల నుంచి కొత్త మద్దతు దొరికింది. ‘బెల్జియంలో బీరు ఒక సంస్కృతి, సాక్షాత్తూ యునెస్కో గుర్తించింది, మనమే దానిని పాపంగా చూస్తున్నాం’ అని వాదిస్తున్నారు. హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో బెల్జియం పద్ధతి బీరు రుచి చూసి వచ్చినవారు ఆ మాటను ఊళ్ళకు కూడా మోసుకొస్తున్నారు. వాదన వచ్చింది కనుక దానిని తప్పించుకోకుండా పరిశీలిద్దాం. ముందుగా బెల్జియం వెళ్ళి వద్దాం.

బంగారు రంగు దయ్యం

బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవాళి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చిన మాట నిజమే. ఆ సంస్కృతిలో ఒక ప్రత్యేకమైన శాఖ ‘స్ట్రాంగ్ బ్లాండ్ ఏల్’. చూడడానికి లేత బంగారు రంగు, పైన దట్టమైన తెల్లటి నురగ, నోట్లో పోసుకుంటే పలుచని తేలికైన రుచి. ఆల్కహాలు మాత్రం సుమారు 8 శాతం, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ.

ఈ కోవలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది ‘డ్యూవెల్’. బ్రీన్‌డోంక్ అనే ఊరిలో 1871లో మూర్ట్‌గాట్ కుటుంబం స్థాపించిన బ్రూవరీలో ఇది పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ఆ కుటుంబానికి చెందిన ఆల్బర్ట్ మూర్ట్‌గాట్ స్కాట్లండు వెళ్ళి మంచి ఈస్ట్‌ను సంపాదించుకు వచ్చాడు. యుద్ధవిజయ జ్ఞాపకార్థం మొదట దీనిని ‘విక్టరీ ఏల్’ అన్నారు. రుచి చూసిన ఒక చెప్పులు కుట్టే పనివాడు ‘ఇది నిజంగా దయ్యమే’ అన్నాడనీ, ఆ మాటే 1923లో పేరుగా స్థిరపడిందనీ కథ. ఫ్లెమిష్ మాండలికంలో డ్యూవెల్ అంటే దయ్యమే. మొదట్లో ముదురు రంగులో ఉండేది. నేటి బంగారు రంగు 1970లో వచ్చింది. ఆల్కహాలు 8.5 శాతం.

దానిని దయ్యం ఎందుకన్నారో తయారీ పద్ధతి చూస్తే తెలుస్తుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల్లోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చి, ఈస్ట్‌ను కలిపితే, ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. బార్లీ నుంచి వచ్చిన చక్కెరల్లో కొన్నింటిని ఈస్ట్ తినలేదు. అవి మిగిలిపోయి బీరుకు చిక్కదనాన్నిస్తాయి. కేవలం బార్లీతోనే ఆల్కహాలు పెంచాలంటే బీరు చిక్కగా, బరువుగా తయారవుతుంది, తాగేవాడికి దాని బలం తెలిసిపోతుంది. బెల్జియం బ్రూవర్లు ఇక్కడొక ఉపాయం చేశారు. బార్లీతో పాటు విడిగా చక్కెర కలిపారు. ఆ చక్కెరను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది. ఆల్కహాలు పెరుగుతుంది, చిక్కదనం పెరగదు. తరువాత సీసాలో మరొకసారి పులియబెడతారు. డ్యూవెల్ తయారీకి మొత్తం 90 రోజులు పడుతుందని ఆ బ్రూవరీ చెబుతుంది. ఫలితంగా నాలుకకు తేలికపాటి బీరులా, కాలేయానికి మరొకలా ఉండే పానీయం సిద్ధమవుతుంది. చాప కింద నీరు అంటే ఇదే.

ఇది గొప్ప నైపుణ్యమే. నేను కాదనను. కానీ ఒక విషాన్ని నాలుక గుర్తించకుండా చేయగలగడం రుచికి సంబంధించిన విజయమే తప్ప ఆరోగ్యానికి సంబంధించిన హామీ కాదు. ‘సంస్కృతి’ అన్న గుర్తింపును యునెస్కో ఇచ్చింది. ‘క్షేమం’ అన్న గుర్తింపును ఏ వైద్య సంస్థా ఇవ్వలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను 1988లోనే మనుషుల్లో నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము ఆ జాబితాలోని అవయవాలు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో మరొకసారి స్పష్టం చేసింది. ఈ మాటల్లో విస్కీకి ఒక న్యాయం, బీరుకు ఒక న్యాయం లేదు.

మన సీసా లెక్క

ఇప్పుడు మన ఊరి వైన్స్ దగ్గరకు రండి. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం 5 శాతం దాకా ఆల్కహాలు ఉన్నది మామూలు బీరు. 5 శాతం దాటి 8 శాతం దాకా ఉన్నది స్ట్రాంగ్ బీరు. బెల్జియం వారు ఏ బలాన్ని చూసి ‘దయ్యం’ అని పేరు పెట్టారో, ఇంచుమించు ఆ బలానికి మన యువకులు ‘మామూలు స్ట్రాంగే’ అని పేరు పెట్టారు.

ఒక చిన్న లెక్క నేర్చుకోండి. సీసాలోని మిల్లీలీటర్లను శాతంతో గుణించి, నూరుతో భాగిస్తే ఎన్ని మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉందో తెలుస్తుంది. దానిని 0.79తో గుణిస్తే గ్రాములు వస్తాయి. శరీరానికి తెలిసిన భాష ఈ గ్రాములొక్కటే.

బెల్జియంలో డ్యూవెల్ అమ్మే మామూలు సీసా 330 మిల్లీలీటర్లు. 8.5 శాతం చొప్పున అందులో ఆల్కహాలు 22 గ్రాములు. మన విస్కీ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు. మన బీరు సీసా 650 మిల్లీలీటర్లు. 8 శాతం స్ట్రాంగ్ బీరైతే అందులో 41 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గుల విస్కీతో సమానం. బెల్జియం దయ్యాలు ఇంచుమించు రెండింటితో సమానం. ‘లైట్’ అని పిలుచుకునే 5 శాతం బీరు సీసాలో కూడా 26 గ్రాములు ఉంటుంది. ‘రెండు బీర్లే తాగాను’ అని చెప్పే మనిషి నాలుగు పెద్ద పెగ్గులు తాగాడు. ఆ సంగతి అతడికి తెలియదు, అతడి భార్యకు తెలియదు, ‘పోనీ, విస్కీ మానేశాడు’ అని సంతోషించే తల్లికి అసలే తెలియదు.

ఇంకొక లెక్క. ఆరోగ్యవంతుడైన మనిషి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే విరగ్గొట్టగలదు. చన్నీళ్ళ స్నానం, మజ్జిగ, నిమ్మరసం, వాంతి, నిద్ర వంటివేవీ ఆ వేగాన్ని పెంచలేవు. రెండు స్ట్రాంగ్ బీర్లలోని 82 గ్రాములు కరిగిపోవడానికి 8 నుంచి 12 గంటలు కావాలి. రాత్రి పదింటికి రెండు సీసాలు ముగించిన భూపాలపల్లి సింగరేణి కార్మికుడు తెల్లవారి తొలి షిఫ్టుకు బయలుదేరే వేళకు ‘రాత్రిది దిగిపోయింది’ అనుకుంటాడు. దిగలేదు. బండి నడిపే చేతుల్లోనూ, గనిలో యంత్రాన్ని తాకే చేతుల్లోనూ అది ఇంకా ఉంది.

పైగా మన సీసా మీద ‘8 శాతానికి మించదు’ అన్న ధోరణిలోనే తరచుగా రాసి ఉంటుంది. లోపల ఎంత ఉందో చెప్పకుండా, ఎంతకు మించి లేదో చెప్పడం ఏమి న్యాయం? బియ్యం బస్తా మీద ‘26 కిలోలకు మించదు’ అని రాసి ఉంటే మీరు కొంటారా?

‘వేడికి చలవ చేస్తుంది’ అన్నది రెండవ భ్రమ. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్ళే మన ఎండల్లో ఆల్కహాలు మూత్రాన్ని పెంచి ఒంట్లోని నీటిని బయటకు తోడేస్తుంది. చల్లగా ఉండేది సీసా మాత్రమే. ‘మూత్రపిండాల్లో రాళ్ళు కరుగుతాయి’ అన్నది మూడవ భ్రమ. బీరు రాళ్ళను కరిగించదు. పైగా రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. రాళ్ళలో ఒక రకానికీ, గౌటు కీళ్ళవాపుకూ అదే ముడిసరుకు. రాళ్ళున్నవారికి కావలసింది మంచినీళ్ళు. అవి బీరు కంటే చవక.

ఒక మూత బిగిస్తే మరొక సీసా

బెల్జియం నుంచి మనం నేర్చుకోవలసిన అసలు పాఠం మరొకటి ఉంది. దానిని గురించి బీరు ప్రియులెవరూ మాట్లాడరు.

1919లో ఆ దేశంలో ఎమిల్ వాండర్‌వెల్డే అనే సోషలిస్టు నాయకుడి పేరు మీద ఒక చట్టం వచ్చింది. కార్మికుల కుటుంబాలు సారాయితో గుల్లవుతున్నాయన్నది ఆయన బాధ. కనుక పానశాలల్లో ఘాటు మద్యం అమ్మకాన్ని నిషేధించారు. దుకాణాల్లో కొనాలంటే కనీసం రెండు లీటర్లు ఒక్కసారే కొనాలన్నారు. కూలివాడి జేబులో అంత సొమ్ము ఉండదని ఆలోచన. ఉద్దేశం మంచిదే. కానీ బీరు మీద ఆంక్ష లేదు. ఘాటును కోరే నాలుకలు బీరు వైపు తిరిగాయి, బీరు బలం పెంచుకుంది. బెల్జియంలో బలమైన బీర్లు వర్ధిల్లడానికి ఈ చట్టం ఒక ముఖ్య కారణమని బీరు చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ చట్టం 1980ల దాకా అమలులో ఉంది. అది పోయింది కానీ బలమైన బీరు మిగిలింది.

ఈ కథ మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న మహిళలు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. సారా మీద నిషేధం నిలిచింది, సారా తాగే చెయ్యి మాత్రం ఖాళీగా ఉండలేదు. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో నల్లబెల్లం, పటిక, నవాసాగరంతో గుడుంబా కాగింది. పట్టణాల్లో చౌక విస్కీ, ఊరూరా బెల్టు షాపు వచ్చాయి. ఇప్పుడు గుడుంబా బట్టీల మీద దాడులు జరిగి బెల్లం పానకం పారబోసిన ప్రతిసారీ, బెల్టు షాపు ఫ్రిజ్‌లో స్ట్రాంగ్ బీరు సిద్ధంగా ఉంటోంది. పేరు మారింది, సీసా మారింది, గ్రాములు మారలేదు.

నేను నిషేధాన్ని వెక్కిరించడం లేదు. దూబగుంట మహిళల పోరాటం ముందు తలవంచుతాను. మన రాజ్యాంగంలోని 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి కృషి చేయాలని ప్రభుత్వానికి చెబుతూనే ఉంది. కానీ ఒక పాత్రకు మూత బిగించి, పక్క పాత్రను తెరిచిపెట్టి, దానిని సంస్కరణ అనడం మోసం. రాష్ట్రంలో 2,620 వైన్సులున్నాయి. ఆ దుకాణాల లాటరీకి దరఖాస్తు చేసుకోవడానికే 2023లో తిరిగిరాని రుసుము 2 లక్షల రూపాయలు. 2025లో దానిని 3 లక్షలు చేశారు. మద్యాన్ని టోకున అమ్మేది ప్రభుత్వ సంస్థే. 2025 ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెంచినప్పుడు పత్రికలు, టీవీలు దానిని వినియోగదారుడి కష్టంగా చర్చించాయి. సీసాలో ఎన్ని గ్రాములున్నాయన్న చర్చ మాత్రం ఎక్కడా వినబడలేదు.

కల్లు మాటేమిటి?

ఇక్కడికి వచ్చేసరికి జనగామ పాఠకులు ‘మరి మా కల్లు?’ అని అడుగుతారు. ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో ఓరుగల్లు మీద దాడి చేసిన సర్దార్ సర్వాయి పాపన్న పుట్టిన కులవృత్తి గీత. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి తాడి చెట్టెక్కే గీత కార్మికుణ్ణి నిందించడం నా ఉద్దేశం కాదు. కానీ వైద్యుడిగా నిజం చెప్పాలి. బెల్జియం ఈస్ట్ చేసే పనినే మన తాటి లొట్టిలో గాలిలోని ఈస్ట్ చేస్తుంది. సున్నం పూసిన లొట్టిలో పట్టిన తాజా నీరాలో ఆల్కహాలు ఉండదు. పులిసిన కల్లులో 4, 5 శాతం ఉంటుంది. ఒక లీటరు తాగితే 32 నుంచి 40 గ్రాములు. ‘చెట్టు నుంచి వచ్చింది’ అన్నది కాలేయానికి పట్టని వంశవృక్షం.

చెట్టు కల్లు కంటే ఘోరమైనది మందుకల్లు. చెట్లు తగ్గి, గిరాకీ తగ్గనప్పుడు నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం కలిపి కల్లు పేరుతో అమ్ముతున్నారు. ఇవి నిద్రమందులు, మత్తుమందులు. ఆల్కహాలుతో కలిస్తే ఊపిరిని ఆపగలవు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురిని బలి తీసుకున్నది. బెల్జియంలో సీసా మీద శాతం రాసి ఉంటుంది. మన సీసా మీద గరిష్ఠ పరిమితి రాసి ఉంటుంది. మందుకల్లు, గుడుంబాల మీద ఏమీ రాసి ఉండదు.

పేరు పరిహాసం, రోగం నిజం

బెల్జియంలోనే, గెంట్ నగరం పక్కన మెల్లె అనే ఊరిలో హ్యూగె బ్రూవరీ 1980ల చివర మరొక 8.5 శాతం బంగారు రంగు బీరు తెచ్చింది. దాని గుర్తు గులాబీ రంగు ఏనుగు. దాని పేరు ‘డెలీరియం ట్రెమెన్స్’. ఆ పేరు వింటే వైద్యుడెవరికీ నవ్వు రాదు. అది ఒక రోగం పేరు.

ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపినప్పుడు అతడి మెదడు అదుపు తప్పుతుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరిలో డెలీరియం మొదలవుతుంది. ఎక్కడున్నాడో తెలియదు. ఒంటి మీద లేని పురుగులను దులుపుకుంటాడు. గోడ మీద లేని మనుషులతో మాట్లాడతాడు. జ్వరం, గుండె దడ, రక్తపోటు పెరుగుతాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. మన పల్లెల్లో ఈ స్థితిని చూసి ‘గాలి సోకింది, దయ్యం పట్టింది’ అంటారు. బెల్జియం వారు సీసా మీద వేళాకోళానికి రాసుకున్న దయ్యాన్నే మనవాళ్ళు నిజమని నమ్మి భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతున్నారు. ఆ రెండు రోజుల ఆలస్యమే చంపుతుంది.

2020 లాక్‌డౌన్‌లో వైన్సులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు వరుస కట్టారు. తాగడం ఎంత ప్రమాదమో, వైద్యం లేకుండా హఠాత్తుగా మానిపించడమూ బానిసైన మనిషికి అంత ప్రమాదం. కనుక ఇంట్లో రోజూ తాగేవారుంటే, గదిలో పెట్టి తాళం వేసి మానిపించే ప్రయత్నం చేయకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ‘నీరసం’ అంటూ గ్రామ వైద్యుడి చేత గ్లూకోజు సీసా పెట్టించేవారికి ఇంకొక హెచ్చరిక. దీర్ఘకాలం తాగినవారి శరీరంలో బి1 విటమిను అడుగంటి ఉంటుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ‘ఇతడు రోజూ తాగుతాడు’ అన్న ఒక్క మాటను దాచకుండా వైద్యుడికి చెప్పండి. పరువు కంటే మెదడు విలువైనది.

అడగవలసినవి అడుగుదాం

నేను కోరేవి అసాధ్యాలు కావు. మొదటిది, ప్రతి సీసా మీద అందులో ఉన్న ఆల్కహాలును గ్రాముల్లో, తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయాలి. ‘మించదు’ అన్న దొంగమాట పోవాలి. రెండవది, స్ట్రాంగ్ బీరును 650 మిల్లీలీటర్ల సీసాలో అమ్మడం ఆపాలి. బెల్జియం సంస్కృతిని పొగిడేవారు ముందు బెల్జియం సీసా పరిమాణాన్ని తీసుకురండి. మూడవది, పన్ను సీసా లెక్కన కాక గ్రాముల లెక్కన పడాలి. బలం పెరిగినకొద్దీ భారం పెరగాలి. నాలుగవది, బెల్టు షాపులు మూతపడాలి. అవి చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, ఎక్కడున్నాయో కూడా అందరికీ తెలుసు.

అయిదవది అన్నింటికంటే ముఖ్యమైనది. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇక మద్యం మాన్పించడానికి హైదరాబాదు దాకా ఎందుకు పోవాలి? ఈ మూడు చోట్లా మద్య విముక్తికి ప్రత్యేకంగా పడకలు, మానసిక వైద్యుడు, మందులు, కుటుంబాలకు సలహా చెప్పే మనిషి ఎల్లవేళలా ఉండాలి. మద్యం మీద వచ్చే ఆదాయంలో ఎంత భాగం ఆ పడకలకు చేరుతున్నదో మన శాసనసభ్యులను ప్రతి సభలోనూ అడగాలి. తాగించినవారే వైద్యం చేయించడం దయ కాదు, బాకీ తీర్చడం.

పాఠకులారా, ప్రభుత్వం వినే దాకా ఆగనవసరం లేని పని ఒకటి మీ చేతిలో ఉంది. ఈ ఆదివారం దావత్‌లో ఎవరైనా ‘బీరే కదా!’ అంటే, ఆ సీసాను చేతిలోకి తీసుకుని, 650ని 8తో గుణించి, లెక్క చేసి చూపించండి. ‘ఇది రెండు పెద్ద పెగ్గులు’ అని చెప్పండి. ఉపన్యాసం అక్కరలేదు. మానాలని ఉండి మానలేకపోతున్నవారికి 14446 అన్న జాతీయ మద్య, మాదకద్రవ్య విముక్తి నంబరు రాసివ్వండి. మనసు కుంగినవారికి టెలీ మానస్ 14416 ఉంది. రెండూ ఉచితం. ఆ రెండు నంబర్లూ మీ ఫోనులో ఇప్పుడే పెట్టుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. మీ వీధిలో ఎవరికో ఈ రాత్రే రావచ్చు.